సైనికుడి భార్యకు ఉద్యోగంలో ప్రాధాన్యం ఉందా? మన నిబంధనలు ఏం చెబుతున్నాయి, విదేశీ పోస్టింగుల్లో అమెరికా ఏం చేస్తోంది

భర్త ఆర్మీలో ఉన్నాడు. పోస్టింగ్ పఠాన్‌కోట్‌లో. భార్యది పెద్దాపురం, బీఎస్సీ బీఈడీ చదివింది. యూనిట్ పీస్ స్టేషన్‌లో ఉన్న రెండు మూడేళ్లు అక్కడ క్వార్టర్లో కాపురం. ఫీల్డ్ పోస్టింగ్ రాగానే పిల్లలతో మళ్లీ పెద్దాపురం. ఇలా రెండు మూడు సార్లు తిరిగేసరికి ఆమెకు ముప్పై దాటుతుంది. రెజ్యూమెలో మాత్రం ఎక్కడా ఏడాదికి మించిన ఉద్యోగం కనిపించదు.

ఇది ఏ ఒక్కరి కథో కాదు. శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల దాకా సైన్యంలోకి వెళ్లినవారి ఇళ్లలో సాధారణంగా కనిపించే పరిస్థితే. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం ‘మిలటరీ మాధవరం’ అనే పిలుస్తారు. అలాంటి ఊళ్లలో తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది. ‘మాజీ సైనికులకు కోటా ఉంది కదా, మరి సైనికుడి భార్యకు ఏమైనా ఉందా?’

సూటిగా చెప్పాలంటే, భర్త సర్వీసులో ఉన్నంతకాలం కేంద్ర ఉద్యోగాల నియామకాల్లో ఆమెకు ప్రత్యేక కోటా లేదు. రాష్ట్రంలోనూ మాజీ సైనికుల వాటా ఆమెది కాదు. భర్త చనిపోయినా, తీవ్రంగా గాయపడినా అప్పుడు నిబంధనలు ఆమెను గుర్తిస్తాయి. అమెరికాలో మాత్రం సైనికుల జీవిత భాగస్వాములకు, ముఖ్యంగా విదేశీ స్థావరాలకు వెంట వెళ్లేవారికి, నియామకాల్లో ప్రాధాన్యం ఉంది. ఈ తేడా ఎందుకు వచ్చింది? మన దగ్గర ఏం మారే వీలుంది?

మాజీ సైనికుల కోటా ఎవరికి?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో మాజీ సైనికుల పునర్నియామకానికి 1979లో నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం నేరుగా భర్తీ చేసే గ్రూప్-సి పోస్టుల్లో 10 శాతం, పాత గ్రూప్-డి పోస్టుల్లో 20 శాతం మాజీ సైనికులకు కేటాయించారు. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో, ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో ఈ వాటా వరుసగా 14.5 శాతం, 24.5 శాతం.

ఇక్కడ ‘మాజీ సైనికుడు’ అంటే యూనిఫాం వేసుకుని పనిచేసిన వ్యక్తి మాత్రమే. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నోటిఫికేషన్లలో ఈ మాట స్పష్టంగా ఉంటుంది. మాజీ సైనికుల కొడుకులు, కూతుళ్లు, వారిపై ఆధారపడినవారికి ఈ రిజర్వేషన్ గానీ, వయసు సడలింపు గానీ వర్తించవు.

వయసు లెక్క దగ్గరే ఆమెకు అసలు దెబ్బ తగులుతుంది. ఉదాహరణకు సీహెచ్‌ఎస్‌ఎల్ పరీక్ష తీసుకోండి. జనరల్ అభ్యర్థికి గరిష్ఠ వయసు 27. 20 ఏళ్లకు సైన్యంలో చేరి, 17 ఏళ్లు పనిచేసి, 37 ఏళ్లకు బయటికొచ్చిన వ్యక్తి ఈ పరీక్ష రాయొచ్చు. ఎందుకంటే అతని వయసులోంచి సర్వీసు కాలం 17 ఏళ్లు తీసేస్తారు, ఆపైన మరో మూడేళ్లు సడలింపు ఇస్తారు. అతనితో పాటే ఊళ్లు మారిన భార్యకు ఇప్పుడు 34 ఏళ్లు. ఆమె జనరల్ అభ్యర్థి అయితే ఏడేళ్ల క్రితమే అర్హత పోయింది. ఓబీసీ అయితే మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీ అయితే ఐదేళ్లు సడలింపు ఉంటుంది. అది కులం ప్రకారం వచ్చేదే తప్ప భర్త సర్వీసు వల్ల వచ్చేది కాదు.

దేశం కోసం తిరిగిన ఏళ్లు అతని వయసులోంచి తగ్గుతాయి. ఆమె వయసులోంచి తగ్గవు.

నిబంధనలకు ఆమె ఎప్పుడు కనిపిస్తుంది?

భర్త యుద్ధంలో లేదా సైనిక చర్యలో చనిపోతే పరిస్థితి మారుతుంది. విధి నిర్వహణలో ప్రాణాలు కోల్పోయిన సైనికుల కుటుంబంలో ఇద్దరి వరకు, అలాగే 50 శాతానికి మించి వైకల్యం వచ్చి ఉద్యోగం చేయలేని స్థితిలో ఉన్న సైనికుల కుటుంబ సభ్యులకు కేంద్ర గ్రూప్-సి, డి నియామకాల్లో ప్రాధాన్యం ఇవ్వాలని ఆదేశాలున్నాయి. ప్రభుత్వ రంగ సంస్థల్లోని 14.5 శాతంలో 4.5 శాతం వికలాంగులైన మాజీ సైనికులకు, యుద్ధంలో మరణించిన సైనికులపై ఆధారపడినవారికి ఉద్దేశించిందే.

వితంతువులకు కేంద్ర గ్రూప్-సి పోస్టుల్లో వయసు సడలింపు కూడా ఉంది. మళ్లీ పెళ్లి చేసుకోని జనరల్ అభ్యర్థికి 35 ఏళ్ల వరకు, ఎస్సీ, ఎస్టీలకు 40 ఏళ్ల వరకు అవకాశం. ఇది సైనికుల భార్యలకే కాదు, వితంతువులందరికీ వర్తిస్తుంది. కానీ ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే మనసు కలుక్కుమంటుంది. భర్త సరిహద్దులో ఉంటే ఆమె గడువు 27, లేకపోతే 35.

సైన్యంలోనే అధికారిగా చేరే దారి కూడా ఉంది. విధుల్లో ఉండగా చనిపోయిన రక్షణ సిబ్బంది భార్యలకు షార్ట్ సర్వీస్ కమిషన్‌లో కొన్ని సీట్లు, 35 ఏళ్ల వరకు వయసు సడలింపు ఉన్నాయి. 2015లో కుప్వారాలో చనిపోయిన కల్నల్ సంతోష్ మహాడిక్ భార్య స్వాతి 2017లో, 2019లో పుల్వామాలో చనిపోయిన మేజర్ విభూతి ధౌండియాల్ భార్య నికితా కౌల్ 2021లో చెన్నై అకాడమీ నుంచి లెఫ్టినెంట్లుగా బయటికొచ్చారు.

మన దగ్గర అందరికీ గుర్తుండే ఉదాహరణ సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబుది. 2020 జూన్‌లో గల్వాన్‌లో ఆయన చనిపోయాక తెలంగాణ ప్రభుత్వం ఆయన భార్య సంతోషికి డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. అది ఆ ప్రభుత్వం ప్రత్యేకంగా తీసుకున్న నిర్ణయం. ప్రతి సైనికుడి కుటుంబానికీ వర్తించే నిబంధన కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఆంధ్రప్రదేశ్‌లో పరిస్థితి ఏమిటి?

రాష్ట్ర ఉద్యోగాల్లో మాజీ సైనికుల వాటా 2 శాతం. అది కూడా మాజీ సైనికుడికే. ఏపీ ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో కనిపించే ‘క్యాప్’ కోటా సైనికుల పిల్లలకు చదువుల్లో సీట్ల కోసం. దాన్ని ఉద్యోగ కోటాగా పొరబడొద్దు. భార్యకు అది వర్తించదు కూడా.

ఆమెకు రాష్ట్రంలో ఉన్న దారి మహిళలకు ఇచ్చే మూడోవంతు రిజర్వేషన్. అది అందరు మహిళలతో పాటే.

ఇక లోకల్ హోదా. సైనికుల ఇళ్లలో దీని గురించి భయం ఎక్కువ. ‘పెళ్లై పదేళ్లు పంజాబ్‌లో ఉన్నాను, నేను నాన్‌లోకల్ అయిపోతానా?’ అని అడుగుతారు. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల మూల సూత్రం చదువు. పదో తరగతితో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు. పెద్దాపురంలో పదో తరగతి దాకా చదివిన అమ్మాయి పెళ్లి చేసుకుని ఎక్కడికి వెళ్లినా ఈ లెక్కలో పాత తూర్పు గోదావరి జిల్లాకు లోకలే. 2022లో పెద్దాపురం కొత్త కాకినాడ జిల్లాలోకి వచ్చినా, 16,347 పోస్టులతో వచ్చిన 2025 మెగా డీఎస్సీ పాత జిల్లాల ప్రకారమే జరిగింది.

చిక్కు పిల్లలకు వస్తుంది. తండ్రి బదిలీలతో పఠాన్‌కోట్‌లో రెండేళ్లు, జబల్‌పూర్‌లో మూడేళ్లు కేంద్రీయ విద్యాలయాల్లో చదివిన పిల్లవాడు రేపు సొంత జిల్లాలోనే నాన్‌లోకల్ కావచ్చు. తల్లి ఉద్యోగం వదిలి తండ్రి వెంట వెళ్లాలా, పిల్లల లోకల్ కోసం ఊళ్లో ఉండిపోవాలా అన్న ప్రశ్న చాలా ఇళ్లలో ఇలాగే మొదలవుతుంది.

వేరే రాష్ట్రాలు ఏం చేశాయి?

పంజాబ్ కొంత భిన్నంగా ఆలోచించింది. అక్కడ 1982లో వచ్చిన నిబంధనల్లో మాజీ సైనికుడికి కేటాయించిన పోస్టుకు అర్హుడు దొరక్కపోతే, దాన్ని అతని భార్యకో, అతనిపై ఆధారపడిన ఒక బిడ్డకో ఇచ్చే వీలు పెట్టారు. హర్యానా నోటిఫికేషన్లలోనూ మాజీ సైనికులపై ఆధారపడినవారికి ప్రత్యేక విభాగం కనిపిస్తుంది.

అయితే రెండు చోట్లా అర్హతకు మూలం భర్త ‘మాజీ’ కావడమే. సర్వీసులో ఉన్న జవాను భార్యకు అక్కడా ఈ తలుపు తెరుచుకోదు.

కుటుంబానికి కోటా ఇస్తే కోర్టులు ఒప్పుకుంటాయా?

ఇది చిన్న ప్రశ్న కాదు. ప్రభుత్వ ఉద్యోగంలో వంశం, పుట్టుక, నివాసం వంటి కారణాలతో వివక్ష చూపకూడదని రాజ్యాంగంలోని 16(2) అధికరణ చెబుతుంది. దీనిపై తొలినాళ్ల ముఖ్యమైన తీర్పుల్లో ఒకటి మన గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన కేసులోనే వచ్చింది. గ్రామ మున్సబు పదవిని పాత మున్సబు వారసులకే కట్టబెట్టే 1895 నాటి మద్రాసు చట్టాన్ని గాజుల దశరథ రామారావు సవాలు చేశారు. వారసత్వం ఆధారంగా ఆ పదవి ఇవ్వడం చెల్లదని 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. 1987లో ఢిల్లీ పోలీసు ఉద్యోగాల్లో పోలీసుల కొడుకులకు, దగ్గరి బంధువులకు ఇచ్చిన సడలింపు కూడా ఇదే తర్కంతో నిలవలేదు.

కారుణ్య నియామకాలను కోర్టులు ఒప్పుకున్నాయి. సంపాదించే మనిషి హఠాత్తుగా పోయినప్పుడు ఆ ఇల్లు రోడ్డున పడకుండా చూసే మినహాయింపుగానే వాటిని భావించాలని 1994లో సుప్రీంకోర్టు చెప్పింది. మన నిబంధనలకు సైనికుడి భార్య వితంతువు అయ్యాకే ఎందుకు కనిపిస్తుందో ఇక్కడ కొంత అర్థమవుతుంది. చట్టం దృష్టిలో బంధుత్వం అర్హత కాదు, ఆపద మాత్రం మినహాయింపు.

భార్య విషయం వారసత్వం కిందికి రాదు. అయినా ‘ఫలానా వ్యక్తి బంధువు కాబట్టి’ అనే ప్రాతిపదికన కోటా అడిగితే ఈ అభ్యంతరాలన్నీ ఎదురవుతాయి. అమెరికా పద్ధతి ఆసక్తికరంగా అనిపించేది ఇందుకే.

విదేశీ స్థావరాల్లో అమెరికా నిబంధన ఏమిటి?

అమెరికా సైన్యానికి జర్మనీ, జపాన్, దక్షిణ కొరియా వంటి దేశాల్లో పెద్ద స్థావరాలున్నాయి. సైనికులతో పాటు కుటుంబాలూ వెళ్తాయి. స్థావరాల్లోని ఆఫీసులు, బడులు, ఆసుపత్రులు, దుకాణాల్లో పౌర ఉద్యోగాలు ఉంటాయి. 1985లో చేసిన చట్టంతో రక్షణ శాఖ పౌర ఉద్యోగాల్లో సైనికుల జీవిత భాగస్వాములకు ప్రాధాన్యం మొదలైంది.

దీన్ని మన ‘కోటా’ లాగా ఊహించుకోకూడదు. పోస్టులు విడిగా పక్కన పెట్టరు. ఆమె పోటీలో నిలవాలి, అర్హుల్లో ముందు వరుసలో ఉండాలి. అప్పుడు మిగతావారి కంటే ఆమెను ముందు చూస్తారు. ఉద్యోగం ఇస్తామన్న హామీ లేదు.

అసలు మెలిక షరతుల్లో ఉంది. బదిలీ ఉత్తర్వుపై సైనికుడు కొత్త చోటికి వెళ్లాలి, ఆమె అతనితో కలిసి వెళ్లాలి, ఉద్యోగం ఆ కొత్త చోటి పరిధిలో ఉండాలి. అంటే ప్రాధాన్యానికి మూలం పెళ్లి ఒక్కటే కాదు, ప్రభుత్వం వేసిన బదిలీ కూడా. ‘మా ఉత్తర్వు వల్లే నీ ఉద్యోగం పోయింది కాబట్టి కొత్త చోట నీకు ఒక అవకాశం ఇస్తాం’ అన్నది దాని తర్కం.

తిరిగొచ్చాక పరిస్థితికీ ఒక ఏర్పాటు ఉంది. 1990 జులైలో జార్జ్ బుష్ సీనియర్ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం విదేశీ పోస్టింగ్‌లో కుటుంబ సభ్యులు మొత్తం 52 వారాలు ప్రభుత్వ ఉద్యోగం సంతృప్తికరంగా చేస్తే, స్వదేశానికి వచ్చిన మూడేళ్లలోపు పోటీ ప్రక్రియ లేకుండా కేంద్ర ఉద్యోగంలోకి తీసుకునే వీలుంటుంది. 2008లో వచ్చిన మరో ఉత్తర్వు సైనికుల జీవిత భాగస్వాములకు ఇలాంటి వీలునే విస్తరించింది. 2023 జూన్‌లో బైడెన్ ఇంకో ఉత్తర్వు ఇచ్చారు.

లైసెన్సుల సమస్యనూ అక్కడ చట్టంతో కొంత తేల్చారు. నర్సు లేదా టీచరు లైసెన్సు రాష్ట్రానికో రకంగా ఉండటంతో బదిలీ అయిన ప్రతిసారీ మొదటి నుంచి మొదలయ్యేది. 2023 జనవరిలో వచ్చిన చట్టంతో, సైనిక ఉత్తర్వుపై వేరే రాష్ట్రానికి వెళ్లిన జీవిత భాగస్వామి పాత లైసెన్సు కొన్ని షరతులతో కొత్త చోటా చెల్లుతుంది. న్యాయవాద వృత్తికి ఇది వర్తించదు.

మరి అక్కడ అంతా బాగుందా? లేదు. రక్షణ శాఖ సొంత సర్వేల్లోనే పని కోసం చూస్తున్న సైనికుల జీవిత భాగస్వాముల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఉద్యోగం లేదు. విదేశీ స్థావరంలో పోస్టులు పరిమితం. గేటు బయట పని చేయాలంటే ఆ దేశపు నిబంధనలు, ఇరు దేశాల ఒప్పందాలు అడ్డొస్తాయి.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఇది వర్తిస్తుందా?

అమెరికా సైన్యంలో చేరిన తెలుగువారి జీవిత భాగస్వాములకు ఇక్కడ ఒక ముఖ్యమైన షరతు ఉంది. అక్కడి కేంద్ర ఉద్యోగాలు సాధారణంగా పౌరులకే. గ్రీన్‌కార్డుతో ఉన్న భార్యకు స్పౌజ్ ప్రాధాన్యం ఉందని వినగానే ఉద్యోగం ఖాయమనుకుంటే కష్టం.

దీనికి ఒక దారి ఉంది. అమెరికా పౌరుడైన సైనికుడికి విదేశీ పోస్టింగ్ వస్తే, గ్రీన్‌కార్డు ఉన్న జీవిత భాగస్వామి మామూలు మూడేళ్ల నిరీక్షణ లేకుండానే పౌరసత్వానికి దరఖాస్తు చేసుకునే వీలు వలస చట్టంలో ఉంది. పోస్టింగ్ ఉత్తర్వు చేతికి రాగానే చూసుకోవాల్సిన మొదటి విషయం ఇదే.

మన సైనికులు విదేశాల్లో ఉంటే?

మన సైన్యం నుంచి విదేశాలకు ఎక్కువగా వెళ్లేది ఐక్యరాజ్య సమితి శాంతి దళాల్లో. దక్షిణ సూడాన్ వంటి చోట్లకు వెళ్లే బెటాలియన్లతో కుటుంబాలు వెళ్లవు. ఆ కాలమంతా భార్య ఊళ్లోనే ఉంటుంది. రాయబార కార్యాలయాల్లో పనిచేసే రక్షణ సిబ్బంది సంఖ్య చాలా తక్కువ. దౌత్య సిబ్బంది కుటుంబ సభ్యులు అక్కడ ఉద్యోగం చేసుకునేలా పలు దేశాలతో భారత్ ఒప్పందాలు చేసుకుంది.

కాబట్టి మన జవాన్ల భార్యలకు ‘పరాయి దేశం’ లాంటిది దేశంలోనే ఉన్న పరాయి రాష్ట్రం. భాష వేరు, లైసెన్సు వేరు, లోకల్ వేరు.

మన దగ్గర మార్చగలిగింది ఏమిటి?

మన నిబంధనల్లోనూ బదిలీని గుర్తించే సూత్రం ఉంది. కాకపోతే అది అప్పటికే ఉద్యోగం ఉన్నవారికి. భార్యాభర్తలిద్దరూ ప్రభుత్వ ఉద్యోగులైతే వీలైనంతవరకు ఒకేచోట పోస్టింగ్ ఇవ్వాలని కేంద్రం 1986లో చెప్పింది, 2009 సెప్టెంబరులో ఇంకా గట్టిగా చెప్పింది. టీచర్ల బదిలీల్లో స్పౌజ్ పాయింట్ల సంగతి తెలిసిందే. ఉద్యోగం ఉన్నామె విషయంలో ఒప్పుకున్న సూత్రాన్ని ఉద్యోగం వెతుక్కునే ఆమె దగ్గర వదిలేశాం.

కొత్త కోటా పెట్టకుండానే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. భర్త పోస్టింగ్ వల్ల రాష్ట్రం బయట గడిపిన ఏళ్ల మేరకు, ఒక పరిమితితో, ఆమెకు వయసు సడలింపు ఇవ్వొచ్చు. తండ్రి సైనిక బదిలీల వల్ల బయట చదివిన పిల్లల ఏళ్లను సొంత జిల్లాలో చదివినట్టే లెక్కించొచ్చు. ఒక రాష్ట్రంలో నమోదైన నర్సు మరో రాష్ట్రంలో పనిచేయాలంటే అక్కడి కౌన్సిల్ గడప తొక్కాల్సిన పనిని సైనికుల భార్యలకు తేలిక చేయొచ్చు. వీటిలో దేనికీ ఒక్క పోస్టు కూడా పక్కన పెట్టనక్కర్లేదు. ‘బంధువుకు కోటా’ అన్న అభ్యంతరం కూడా ఇక్కడ బలహీనపడుతుంది. ఎందుకంటే కొలమానం బంధుత్వం కాదు, ప్రభుత్వం వేసిన బదిలీ.

అగ్నిపథ్ వచ్చాక ఈ చర్చ మరింత అవసరం. 2022లో మొదలైన ఈ పథకంలో నాలుగేళ్ల తర్వాత 25 శాతం మందినే కొనసాగిస్తారు. మిగతావారికి మాజీ సైనికుల హోదా ఉండదు. పెళ్లికాని వారినే తీసుకుంటారు కాబట్టి సంసారం మొదలయ్యేసరికే చాలామంది బయట ఉంటారు. భర్త హోదా మీద ఆధారపడిన నిబంధనలు వారి భార్యలకు అసలే అక్కరకు రావు.

ఇప్పటికిప్పుడు ఏం చేసుకోవచ్చు?

పెళ్లి వివరాలు యూనిట్ రికార్డుల్లో ఎక్కాయో లేదో ముందు చూసుకోండి. పార్ట్-టూ ఆర్డర్‌లో పేరు, పుట్టిన తేదీ సరిగ్గా లేకపోతే రేపు ఏ ప్రయోజనం కోసం వెళ్లినా అక్కడే ఆగిపోతుంది.

పదో తరగతి వరకు చదివిన బడుల నుంచి స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. లోకల్ హోదాకు అవే ఆధారం. ప్రతి నోటిఫికేషన్‌లోనూ లోకల్ నిర్వచనాన్ని తాజాగా ఒకసారి చదవండి.

బీఈడీ, డీఈడీ చేసినవారు రాష్ట్ర టెట్‌తో పాటు సీటెట్ కూడా రాసిపెట్టుకోవడం మేలు. 2021 నుంచి టెట్ అర్హత జీవితకాలం చెల్లుతుంది. కేంద్రీయ విద్యాలయాలకు సీటెట్ ఏ రాష్ట్రంలోనైనా పనికొస్తుంది. ఆర్మీ పబ్లిక్ స్కూళ్లలో టీచరు కావాలంటే ఆర్మీ వెల్ఫేర్ ఎడ్యుకేషన్ సొసైటీ నిర్వహించే ఆన్‌లైన్ స్క్రీనింగ్ టెస్ట్ రాయాలి. భర్తకు ఎక్కడ పోస్టింగ్ వచ్చినా దగ్గర్లో ఇలాంటి బడి ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, తరచూ మారే కుటుంబాలకు ఇది ఆచరణలో పనికొచ్చే దారి.

భర్త చనిపోయిన లేదా వైకల్యం పొందిన కుటుంబాలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని సంప్రదించాలి. పెద్దాపురం వాసులకు అది కాకినాడలో ఉంది, సామర్లకోట మీదుగా వెళ్లి రావొచ్చు. ప్రాధాన్య ధ్రువపత్రాలతో పాటు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం గురించీ అక్కడ అడగండి. మాజీ సైనికుల పిల్లలతో పాటు వితంతువులు వృత్తి విద్యా కోర్సు చదువుకోవడానికి ఈ పథకంలో నెలకు అమ్మాయిలకు రూ.3,000, అబ్బాయిలకు రూ.2,500 చొప్పున ఇస్తున్నారు.

చివరిగా ఒక జాగ్రత్త. ‘సైనికుల భార్యలకు ప్రత్యేక కోటాలో ఉద్యోగం’ అంటూ డబ్బు అడిగేవారిని నమ్మొద్దు. సర్వీసులో ఉన్న జవాను భార్యకు కేంద్రంలో గానీ, ఆంధ్రప్రదేశ్‌లో గానీ అలాంటి కోటా లేదు. లేని కోటా పేరు చెప్పి ఎవరు రసీదు ఇచ్చినా దానికి విలువ ఉండదు.